ఒకటికి ఒకటిన్నర

నాగూర్ ఎవరినీ నమ్మడు. అల్లూరులో ఇది రహస్యమేమీ కాదు. పాలు పోసే ఆమె ఎదుటే గిన్నెలో చూపుడువేలు ముంచి, గోటి మీద చుక్క నిలిచిందో జారిందో చూస్తాడు. గుండీల డబ్బా కొంటే కొట్టు మెట్ల మీదే కూర్చుని ఒక్కొక్కటీ లెక్కబెడతాడు. టైమెంతయిందని ఒకరిని అడుగుతాడు, తర్వాత ఇంకొకరిని అడుగుతాడు, ఇద్దరూ ఒకే మాట చెబితే ముందే కూడబలుక్కున్నారేమో అన్నట్టు ఇద్దరి మొహాలూ చూస్తాడు.

అతని టైలరింగ్ దుకాణం రొయ్యల మేత అమ్మే కొట్ల వరసలో చివరిది. ఆకుపచ్చ తలుపులు, లోపల ఒక మిషను, ఒక పొడవాటి బల్ల, గోడకు మేకు, మేకుకు టేపు. గాలి తూర్పు నుంచి వస్తే ఉప్పు వాసన, పడమటి నుంచి వస్తే వరి పొలాల తడి వాసన. ముప్పై నాలుగేళ్ళుగా ఆ రెండు వాసనల మధ్య కూర్చుని అతను ఊరి ఒళ్ళు కొలుస్తున్నాడు. ఎవరి పొట్ట పెరిగిందో, ఎవరి భుజం ఒరిగిందో, ఎవరు పైకి నవ్వుతూ లోపల చిక్కిపోతున్నారో వాళ్ళ ఇంట్లోవాళ్ళ కన్నా ముందు అతని టేపుకు తెలుస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే ఊరు కూడా అతన్ని నమ్మదు.

"నాగూరూ, గుడ్డ ఏమన్నా మిగిలిందా?"

"యాడ మిగులుతుందన్నా? అంచు పోయె, మడత పోయె, కాలరు ఏటవాలుగా తియ్యాల్సి వచ్చె."

మిగులుతుంది. మీటరు గుడ్డ చాలే పనికి అతను "ఒకటికి ఒకటిన్నర ఉంటే మంచిదన్నా" అంటాడు. ఆ మాట అతని నోట ఎంత అరిగిపోయిందంటే, గుడ్డల షాపులో ఆడవాళ్ళు "నాగూర్ కొలత ఇయ్యి" అని అడిగి నవ్వుకుంటారు. బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర తీసుకుంటే చాలు, ఆ అర మీటరు ఎక్కడి నుంచో పుట్టుకొచ్చి, బల్ల కింది గోనెసంచిలోకి జారిపోతుంది. అతని భార్య ఫర్జానా ఆ ముక్కలతో దిండు గలీబులు, పసిపిల్లల గౌన్లు కుడుతుంది. దొంగతనం అన్న మాట నాగూర్ మనసులోకి ఎన్నడూ రాలేదు. అతని దృష్టిలో అది చేతి ఒడుపు. పని తెలిసిన ప్రతివాడూ తన పనిలో అంతో ఇంతో మిగుల్చుకుంటాడనీ, మిగుల్చుకోనివాడికి పని రాదనీ అతని నమ్మకం. అతనికున్న నమ్మకం అదొక్కటే.

ఆ జూన్‌లో బడులు తెరిచే వారం. దుకాణం నిండా పిల్లల యూనిఫాంలు. వాటితోపాటు ఒక మూల నీలం రంగు నైలాను వల కొండలా పడి ఉంది. రొయ్యల గుంటల మీద పిట్టలు వాలకుండా పరిచే వల అది. గుంట యజమాని అంచులు కుట్టమని ఇచ్చిపోయాడు. కరెంటు పోయింది. పొద్దునే చొక్కాలు ఇస్త్రీ చేసి ఇవ్వాలి కాబట్టి నాగూర్ తన తండ్రి నాటి బొగ్గుల ఇస్త్రీపెట్టె దించాడు. దాని మూత కొక్కెం వదులని అతనికి తెలుసు. తెలిసిన వస్తువులను మాత్రం అతను అనుమానించడు.

మూత తెరుచుకుంది. నాలుగు నిప్పులు వల మీద పడ్డాయి.

నైలాను మండే తీరు వేరు. ముందు నీరవుతుంది. నాగూర్ పరుగున వెళ్ళి ఆ వలను కుడిచేత్తో వాటేసి గుమ్మం బయటికి విసరబోయాడు. వల బయటికి పోలేదు. కరిగి, పాకంలా సాగి, మోచేతి నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అతన్ని చుట్టుకుంది. నీలం రంగు చల్లగా ఉంటుందనుకుంటాం. ఆ పూట అతని చేతి మీద ఆ నీలం బుసబుసమని పొంగింది. యూనిఫాంలకు ఏమీ కాలేదు. ఫర్జానా బిందెడు నీళ్ళు గుమ్మరించి, పక్క కొట్టువాళ్ళ ఆటో ఎక్కించి, నెల్లూరులో ఆసుపత్రికి చేర్చేసరికి అతను అరవడం కూడా మానేశాడు.

కాలిన గాయాల వార్డులో కిటికీ పక్క మంచం అతనిది. ఎదురు మంచం మీద క్రీస్తురాజు. తడ దగ్గర ఫ్యాక్టరీలో వేడినీళ్ళ గొట్టం పగిలి ఎడమ కాలు తొడ నుంచి పాదం దాకా కాలిపోయిన మనిషి. నొప్పి ఎంత ఎక్కువైతే అంత జోకులేస్తాడు. వార్డు సిస్టరు పేరు అబిగయీలు. సర్జన్ రోజారమణి పొట్టిగా ఉంటుంది. కళ్ళజోడు మాటిమాటికీ జారుతుంటే భుజంతో పైకి తోసుకుంటుంది, ఎందుకంటే ఆమె చేతులు ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉంటాయి.

వారం తర్వాత కట్టు మారుస్తూ ఆమె చెప్పింది. "నాగూర్ గారూ, చెయ్యి లోతుగా కాలింది. తనంతట తాను మూసుకోదు. మూసుకున్నా ముడుచుకుపోతుంది. చచ్చిపోయిన చర్మం తీసేసి, మీ ఎడమ తొడ మీద పైపొర ఒకటి తీసి ఇక్కడ పరుస్తాం."

"కత్తెర పట్టుకోగలనా మేడం?"

"పరిస్తే పట్టుకోవచ్చు. పరవకపోతే పట్టుకోలేరు."

వార్డులో పడుకున్న ఏడు రోజుల్లో అతను నమ్మిన వాక్యం అదొక్కటే, ఎందుకంటే అందులో తీపి లేదు. కత్తెర లేకపోతే నాగూర్ ఎవరు? ఊళ్ళో ఆ పేరుగలవాళ్ళు ఇంకా నలుగురున్నారు. టైలర్ నాగూర్ ఒక్కడే.

"ఎంత తీస్తారు?" అని అడిగాడు.

"కావలసినంత."

గుడ్డ ఎంత పట్టిందని అడిగినవాళ్ళకు నాగూర్ చెప్పే జవాబూ ఇదే. సరిగ్గా ఇదే గొంతుతో, ఇట్లాగే ఎటో చూస్తూ. అయినా ఎడమచేతి బొటనవేలు ముద్ర వేశాడు.

ఆపరేషను పన్నెండో రోజు జరిగింది. మత్తు ఒక్కసారిగా దిగలేదు, పోటు తగ్గేటప్పటి సముద్రంలా ఒక అడుగు వెనక్కి, అర అడుగు ముందుకు. ఆ తెరల మధ్య నుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది. ఎవరితోనో అంటోంది.

"ఒకటికి ఒకటిన్నర. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టించండి. డోనర్ ఏరియా కట్టు ఎవరూ విప్పొద్దు."

మత్తులో ఉన్న మనిషి కళ్ళు పెద్దవయ్యాయి.

ఒకటికి ఒకటిన్నర! మీటరు చాలే చోట ఒకటిన్నర తీశారు. మిగిలింది దాచారు. పైగా డోనర్. రక్తం ఇచ్చేవాణ్ణి డోనర్ అంటారు, చనిపోయాక కళ్ళిచ్చినవాణ్ణి డోనర్ అంటారు. నాగూర్ ఎవరికి ఏమిచ్చాడు? లేచి అడుగుదామనుకున్నాడు. నాలుక లేవలేదు. మళ్ళీ ఒక తెర వచ్చి అతన్ని కప్పేసింది, ఆ తెర కింద కూడా అతను లెక్కలు వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున మత్తు వదలగానే మొదటి మాట, "టేపు తెచ్చినావా?"

"ఆసుపత్రికి టేపు ఎందుకు తెస్తానయ్యా?" అంది ఫర్జానా.

"రేపు తీసుకురా."

ఆమె తెచ్చింది. ముప్పై ఏళ్ళ కాపురంలో అతని అనుమానాలకు అడ్డు చెప్పడం కన్నా వాటిని త్వరగా ముగించడం తేలికని ఆమె నేర్చుకుంది. సిస్టరు అటు తిరిగినప్పుడు తొడ మీది కట్టును కొలిచింది. పది అంగుళాల పొడవు, ఐదు వెడల్పు. తర్వాత చేతి మీది కట్టు. పద్నాలుగు పొడవు, చుట్టూ చూస్తే అంతకంతే. అంటే తీసింది తక్కువ, వేసింది ఎక్కువ. ఇంకొకరైతే ఇక్కడితో ఊపిరి పీల్చుకునేవాళ్ళు.

"తొడమీది ముక్క ఇంత చేతికి ఎట్లా చాలింది మరి? ఇంకో చోట కూడా తీసుంటారు," అన్నాడు నాగూర్. "వీపు చూడు."

"వీపు వీపులాగే ఉండాది."

"కింద?"

"సిగ్గులేదా నీకు? నలుగురు చూస్తా ఉండారు."

ఎదురు మంచం మీద క్రీస్తురాజు దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వాడు.

అప్పటి నుంచి నాగూర్ చూపు అతని మీద పడింది. ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషను. ముందు నాగూర్‌కు, వెంటనే క్రీస్తురాజుకు. క్రీస్తురాజు కాలు పెద్దది, చాలా గుడ్డ పడుతుంది. నాగూర్ కట్టు వైపు ఎవరూ చూడరు, క్రీస్తురాజు కట్టు దగ్గర మాత్రం ముగ్గురు నిలబడి తలలూపుతారు. పద్దెనిమిదేళ్ళ వయసు నుంచి గుడ్డను చూసి మనిషిని అంచనా వేసినవాడు ఇప్పుడు కట్టును చూసి కుట్రను అంచనా వేస్తున్నాడు.

"అన్నా, నీకు తోలు యాడ తీసినారు?" అని ఒక మధ్యాహ్నం అడిగాడు.

"కుడి తొడమీద. చూస్తావా?"

"వద్దులే. ఊరికే అడిగినా. ఆ వేసిందాని రంగు ఎట్లా ఉండాది? నీ రంగేనా?"

క్రీస్తురాజు మొహమంతా మెల్లగా నవ్వయింది. "సాయిబూ, నీ తోలే నాకు వేసుంటే ఈపాటికి నేను లేచి సిస్టరు జబ్బ కొలత అడుగుతా ఉందును."

వార్డంతా నవ్వింది. నాగూర్ నవ్వలేదు. నవ్వించి మాట మార్చడం అతనికి తెలియని విద్య కాదు.

అబిగయీలు మందు బిళ్ళలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఎడమచేత్తో ఆమె ట్రే అంచు పట్టుకుని ఆపాడు. "సిస్టరమ్మా, డోనర్ అంటే ఎవురు?"

"ఇచ్చేవాళ్ళన్నా."

"నేను డోనర్నా?"

"ఆఁ, నువ్వే. కేసు షీట్లో రాసుండాదిగా. డోనర్ ఏరియా, ఎడమ తొడ."

"ఎవురికిచ్చినా?"

"నీకే ఇచ్చుకున్నావు," అని నవ్వి ఆమె పక్క మంచానికి వెళ్ళిపోయింది.

తనకు తాను ఇచ్చుకునేదాన్ని ఇవ్వడం అంటారా ఎవరైనా? కిటికీ బయట వేపచెట్టు ఆకుల్లో వెలుతురు అటూ ఇటూ కదులుతోంది. ఒక్కో ఆకూ పక్క ఆకు చెవిలో ఏదో చెప్పి, అతను చూడగానే ఊరుకున్నట్టు అనిపించింది. ఫ్రిజ్ వార్డు చివర, సిస్టర్ల గదిలో ఉంది. ఎవరైనా దాన్ని తెరిచినప్పుడల్లా తలుపు రబ్బరు విడివడే మెత్తటి చప్పుడు అతనికి వినిపించేది. ఆ చప్పుడుకు అతని తొడ మంట పుట్టేది.

ఆపరేషనైన ఆరో రోజున కట్టు విప్పారు.

రోజారమణి ఉప్పునీళ్ళతో తడిపి తడిపి ఒక్కొక్క పొరే ఎత్తింది. నాగూర్ పళ్ళు బిగించి చూస్తున్నాడు. చివరి పొర లేవగానే అతని చెయ్యి అతనికి కనిపించింది. చెయ్యి వెనకవైపు, వేళ్ళ మొదళ్ళ దాకా, గులాబీ రంగులో ఒకే ముక్క నున్నగా అంటుకుని ఉంది. దాని పైన, ముంజేతి మీద పరిచింది మాత్రం అట్లా లేదు. దాని నిండా చిల్లులు. వరసలు వరసలుగా చిన్న చిన్న కళ్ళు. వల.

"ఇదేంది?" అన్నాడు. అతని గొంతు వార్డు చివరి దాకా వెళ్ళింది. "ఇదేంది మేడం ఇది? నా తొడమీద చిల్లులు లేవే! మంచి గుడ్డ దాచుకుని నాకు జల్లెడ వేసినారా?"

రోజారమణి ఆ మాట పట్టించుకోలేదు. ఆమె చూపు మణికట్టు మీద ఆగిపోయింది. అక్కడ అరచేతిలో సగమంత మేర కొత్త చర్మం అంటుకోలేదు. కింద రక్తం గడ్డకట్టి దాన్ని పైకి లేపేసింది. ఆమె సన్నటి పట్టకారులాంటి చిమటాతో తాకగానే అది తడికాగితంలా ఊడి వచ్చింది. కింద ఎర్రగా పచ్చి పుండు.

"మిగతాదంతా బాగా పట్టింది," అంది. "ఇక్కడ మాత్రం పోయింది. మీది కొంచెం ఫ్రిజ్‌లో ఉంచాం, దాన్ని ఇప్పుడే ఇక్కడ వేసేస్తాను. మళ్ళీ ఆపరేషను అక్కర్లేదు, మత్తూ అక్కర్లేదు."

"వద్దు."

"ఏమిటీ?"

"ఆ ఫ్రిజ్‌లోది ఎవురిదో. నాకొద్దు. నాది ఎంత తీసినారో ముందు చెప్పండి. ఎంత వేసినారో చెప్పండి. నేను విన్నాను మేడం, ఒకటికి ఒకటిన్నర అన్నారు మీరు. ఈ చెవులతో విన్నాను. మీటరు చాలే చోట ఒకటిన్నర తీస్తే ఆ అర మీటరు యాడికి పోతుందో నాకు తెల్దా?"

రోజారమణి కళ్ళజోడు భుజంతో పైకి తోసుకుంది. "నాగూర్ గారూ, ఇది కీలు మీద ఉన్న పుండు. ఇట్లా వదిలేస్తే మూసుకునేటప్పుడు చర్మాన్ని లాగేస్తుంది. చెయ్యి ఇట్లా వెనక్కి వంగి ఉండిపోతుంది." ఆమె తన చెయ్యి వంచి చూపించింది. అరచెయ్యి ముందుకు పెట్టి ఎవరినో ఆగమంటున్నట్టు. "తర్వాత మళ్ళీ కోసి, మళ్ళీ తొడ మీద తియ్యాలి. అప్పుడైనా ఇప్పటిలా వస్తుందని నేను చెప్పలేను."

జీవితాంతం వచ్చినవాళ్ళందరినీ ఆగమంటున్న చెయ్యి. ఆ చేత్తో కత్తెర పట్టడం కుదరదు. నాగూర్‌కు అది అర్థమైంది. అయినా నోరు "వద్దు" అనే అంది. నమ్మి మోసపోవడం కన్నా నమ్మకుండా చెడిపోవడంలో అతనికి ఏదో పరువు కనిపించింది.

అప్పటి దాకా మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్న ఫర్జానా ముందుకు వచ్చింది.

"ఆ అర మీటరు యాడికి పోతుందో నీకెట్లా తెలుసో నేను చెప్పనా?" అంది.

"మే, నువ్వు ఊరుకో."

"ముప్పై ఏళ్ళు ఊరుకున్నా. మేడం, ఈయన గుడ్డ తెచ్చినోళ్ళందరికీ ఇదే మాట చెప్తాడు. ఒకటికి ఒకటిన్నర. మిగిలిందంతా బల్ల కింద గోనెసంచిలో ఉండాది. అడిగితే అంచు పోయె, మడత పోయె అంటాడు. లోకమంతా తనలాగే ముక్కలు నొక్కేస్తాదని ఈయనకు బయం. ఇంతకాలం గుడ్డలు కత్తిరించినాడు గదా, ఇప్పుడు తానే గుడ్డ అయిపొయ్యేసరికి వొణుకు పుట్టింది!"

క్రీస్తురాజు ఈసారి నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది నవ్వు కన్నా ఎక్కువ గుచ్చుకుంది నాగూర్‌కు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయి, ఫర్జానా కళ్ళలో నీళ్ళు చూసి ఆగాడు. ఆమె ఏడవడం, దుకాణంలో మంట లేచిన రోజున కూడా అతను చూడలేదు.

రోజారమణి మాత్రం ఏదో గుర్తొచ్చినదానిలా, "ఒకటికి ఒకటిన్నరా?" అంది. ఆ వెంటనే, "అయ్యో!" అని, చేతి తొడుగులు తీసేసింది. "సిస్టర్, ఒక కాగితం, కత్తెర ఇవ్వండి. టేపు ఎవరి దగ్గరైనా ఉందా?"

ఫర్జానా దిండు కింద నుంచి టేపు తీసి ఇచ్చింది.

డాక్టరమ్మ కేసు షీట్ల నుంచి ఒక తెల్ల కాగితం చించి అతని మంచం మీద పరిచింది. టేపు పెట్టి చూపించింది, ఆరంగుళాలు. దాన్ని మడిచి కత్తెరతో గాట్లు పెట్టింది, ఒక వరసకు ఒక వరస ఎదురుబొదురుగా. కాగితం విప్పి రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగింది. గాట్లు తెరుచుకున్నాయి. కాగితం సాగి, చిన్న చిన్న కళ్ళు విప్పుకుని, వలైపోయింది.

"కొలవండి."

ఆమె ఒక కొస పట్టుకుంది, ఫర్జానా ఇంకో కొస. నాగూర్ ఎడమచేత్తో టేపు పెట్టాడు. తొమ్మిదంగుళాలు.

"ఒకటి తీస్తే ఒకటిన్నర అవుతుంది," అంది రోజారమణి. "తొడ మీద తక్కువ కోయడానికే చిల్లులు. మధ్యలో కళ్ళన్నీ వాటంతటవే పూడుకుంటాయి. చేతి వెనక మాత్రం చిల్లులు పెట్టలేదు, అక్కడ నున్నగా ఉండాలి, వేళ్ళు ఆడాలి కదా."

నాగూర్ ఆ కాగితాన్ని ఎడమచేత్తో అందుకుని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఏటవాలుగా కత్తిరిస్తే గుడ్డ సాగుతుందని తెలిసినవాడు. గాట్లు పెట్టి సాగదీయవచ్చన్న ఊహ ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారైనా తనకు రాలేదు. ఆమె తన దగ్గర ఒక్క అంగుళం కాజేయకపోగా, లేని మూడంగుళాలు పుట్టించింది. దాన్ని ఒప్పుకోవడం అతనికి కొంచెం కష్టంగా ఉంది. దొంగ దొరికితే ఉండే తృప్తి కూడా పోయింది.

"సరే," అన్నాడు చివరికి. "మిగిలింది చూపించండి."

అబిగయీలు ఫ్రిజ్ నుంచి మూతపెట్టిన చిన్న డబ్బా తెచ్చింది. మూత మీద అతని పేరు, మంచం నంబరు, తేదీ. అతను మూడింటినీ రెండుసార్లు చదివాడు. లోపల తడి గాజుగుడ్డ మడత, ఆ మడతలో పలచగా, పాలిపోయి, ఉల్లిపొర లాంటిది. అది తనదో కాదో చెప్పే గుర్తు దాని మీద ఏదీ లేదు. ఎవరి ఒంటి మీది నుంచి తీసినా బహుశా ఇట్లాగే ఉంటుంది. గుడ్డనైతే నలిపి చూసేవాడు, ఒక పోగు లాగి కాల్చి వాసన చూసేవాడు. దీన్ని ఏం చేయాలి?

అతను వద్దనలేదు, ఊఁ అనీ అనలేదు. చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు. రోజారమణి కొత్త తొడుగులు వేసుకుని పని మొదలుపెట్టింది.

పుండు కడిగింది. చిమటాతో పొరను ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టింది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. ఒక ముక్క పరిచాక, ఏదో సందేహం వచ్చి మళ్ళీ ఎత్తి, వెలుతురులో ఇంకోసారి చూసి, తిరగేసి పరిచింది. అంచు దగ్గర వేలి గోరంత ఖాళీ మిగిలితే, డబ్బాలో గాజుగుడ్డకు అంటుకున్న ఇంకో చిన్న ముక్కను వెతికి తెచ్చి అక్కడ ఇమిడ్చింది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళజోడు జారింది, భుజంతో తోసుకుంది.

నాగూర్ ఆమె చేతులనే చూస్తున్నాడు. గుడ్డ ముందువైపేదో వెనకవైపేదో చూడకుండా కత్తెర పెట్టిన కుర్రవాళ్ళను అతను దుకాణం నుంచి వెళ్ళగొట్టాడు. ఒకసారి వేసిన ముక్కను తప్పేమోనని మళ్ళీ ఎత్తి చూసుకునే పనివాడు అతనికి జీవితంలో ఒక్కడే కనిపించాడు, వాళ్ళ నాన్న.

"మేడం," అన్నాడు. "ఉల్టా సీదా చూస్తా ఉండారా?"

"చూడకపోతే అతకదు," అందామె తలెత్తకుండా. "మెరిసే వైపు కిందికి ఉండాలి."

"ఆ మూల కాస్త పైకి లేచింది. కుడివైపు."

ఆమె చూసింది. లేచి ఉంది. చిమటా కొసతో సర్దింది.

"ఇప్పుడు బాగుండాది," అన్నాడు నాగూర్.

ఆ ముక్క పట్టింది. మణికట్టు కింద చెక్కబద్ద పెట్టి మూడు వారాలు కట్టి ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు అతను డబ్బాలో ఇంకేమైనా మిగిలిందా అని అడిగాడు. కొంచెం ఉందనీ, కొన్ని రోజులు గడిస్తే పనికిరాదు కాబట్టి పారేస్తామనీ అబిగయీలు చెప్పింది. "పారేసేటప్పుడు ఎవరన్నా చూస్తా ఉంటారా?" అన్నాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "పోన్నా ఇంటికి, ముందు పో."

తర్వాత నాలుగు నెలలు అల్లూరు నుంచి నెల్లూరుకు బస్సు, బస్సు దిగి ఆసుపత్రి, అక్కడ వేళ్ళు వంచే కసరత్తు. మైనం పూసిన దారంలా బిర్రబిగుసుకున్న చెయ్యి. రోజుకు ఒక నూలు పోగంత వంగేది. బిగుతైన చేతితొడుగు ఒకటి ఇచ్చి, ఏడాది పాటు స్నానానికి తప్ప తీయొద్దన్నారు. దాన్ని చూడగానే నాగూర్ తిరగేసి కుట్లన్నీ పరీక్షించి, జబ్బ దగ్గర ఒక కుట్టు వదులుగా ఉందని వెనక్కి ఇచ్చాడు. చూస్తే నిజంగానే వదులుగా ఉంది. చిటికెనవేలు మాత్రం ఎంత వంచినా సగం దూరం వచ్చి ఆగిపోయేది. అది ఇక అంతేనని రోజారమణి చెప్పేసింది. ఆ మాటలోనూ తీపి లేదు.

నవంబరులో వానలు కాస్త తెరిపిచ్చాయి. గుంటల్లో నీటిని చిలికే చక్రాల తెల్లటి నురగ, గాలి నిండా బురద వాసన, తలుపుల మీద ఉబ్బిన రంగు. ఐదు నెలల తర్వాత నాగూర్ దుకాణంలో బల్ల మీద గుడ్డ పరిచాడు. ఎవరిదో కాదు, తన చొక్కా కోసం తనే కొన్నది. మొదటి కోత చెడితే చెడనీ అనుకున్నాడు. సుద్దతో గీత గీశాడు. కత్తెర ఎత్తాడు.

బరువుగా ఉంది. బొటనవేలు దూరింది, నడిమి రెండు వేళ్ళు దూరాయి. చిటికెనవేలు వంగక, బయటే గాలిలో నిలబడింది. నొక్కాడు. కత్తెర మూసుకోలేదు. మణికట్టు దగ్గర అతుకు లాగింది, అక్కడి కొత్త చర్మం తెల్లబడింది. పళ్ళు కరిచి మళ్ళీ నొక్కాడు. కచక్.

అంగుళం తెగింది. గీత మీదే తెగింది.

ఇంకో అంగుళం. ఇంకోటి. నాలుగో కోత దగ్గర గుడ్డ బల్ల మీద జారింది. అప్పటి దాకా మిషను దగ్గర దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తున్న ఫర్జానా లేచి వచ్చి గుడ్డ అవతలి అంచు రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

నాగూర్ కత్తెర ఆపి ఆమె చేతుల వైపు చూశాడు. తర్వాత గీత వైపు. మళ్ళీ చేతుల వైపు.

"పక్కకు లాగతా ఉండావా?"

"లేదు."

"లాగినట్టుండాది."

"అయితే కొలుచుకో."

అతను కత్తెర బల్ల మీద పెట్టి, మెడలో టేపు తీసి, అంచు నుంచి గీత దాకా కొలిచాడు. పైన ఒకసారి, కింద ఒకసారి. రెండూ సరిపోయాయి. టేపు మళ్ళీ మెడలో వేసుకుని, కత్తెర తీసుకుని, మూడు వేళ్ళూ మెల్లగా దూర్చాడు.

"గట్టిగా పట్టుకో," అని కోయడం మొదలుపెట్టాడు.